గేటు ఎదురు షాపు తాతగారు

తల్లిదండ్రులకు నమస్కారం.

పిల్లలు ఈపాటికే ఇంట్లో చెప్పి ఉంటారు. తిరుమలగిరిలో మన బడి గేటు ఎదురుగా స్టేషనరీ షాపు నడిపిన తాతగారు పోయిన ఆదివారం కన్నుమూశారు.

పరీక్ష రోజు పెన్ను మరిచి పరిగెత్తుకొచ్చిన పిల్లల చేతిలో ముందు పెన్ను పెట్టి, డబ్బులు రేపు ఇమ్మనేవారు. అలాగని బేరం తెలియని మనిషేం కాదు. లాంగ్ నోటుబుక్కుల దగ్గర నాకు కూడా రూపాయి తగ్గించలేదు!

షాపు పెట్టకముందు ఆయన సైన్యంలో వాహనాలు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగం మెకానిక్. శిక్షణ ఇక్కడే, సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్‌లో. 1971 డిసెంబర్ 3న పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైనప్పుడు పశ్చిమ సరిహద్దులో ఉన్నారు. ఓసారి పంద్రాగస్టుకు పిలిస్తే, ఎంతమందిని కాల్చారని ఆరో తరగతి పిల్లాడు అడిగేశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన నవ్వి, "తుపాకీ పట్టింది తక్కువ, పానా పట్టింది ఎక్కువ నాయనా" అన్నారు. ఆగిపోయిన ట్రక్కును చీకట్లో, లైటు వేయకుండా, చేత్తో తడిమి ఎలా బాగుచేస్తారో చెప్పారు. పిల్లలు గంట కొట్టినా లేవలేదు.

ఆయన భార్యకు చూపు పోయి పదేళ్ళు. మధ్యాహ్నం ఒంటిగంటయితే, ఎందరు నిలబడి ఉన్నా, షట్టరు సగం దిగేది. పై వాటాలో ఆమెకు అన్నం కలిపి పెట్టి, పేపరు చదివి వినిపించేవారు. ఒకరోజు సర్టిఫికెట్ల కాగితం కోసం నేను ఆ వేళకే మెట్లెక్కాను. బంగారం ధర చదువుతున్నారు. "కొనేదుందా, పెట్టేదుందా, మనకెందుకండీ?" అంటున్నారామె. "నిన్న అడిగింది నువ్వే కదా" అన్నారాయన. కాగితం అడక్కుండానే దిగొచ్చాను.

ఇక రెండు సంగతులు. డిసెంబర్ 7 సాయుధ దళాల పతాక దినోత్సవం. ఏటా ఆయన కౌంటరు మీద ఉండే విరాళాల డబ్బా ఈసారి మన ఆఫీసు గదిలో ఉంటుంది. షాపు అరువు పుస్తకంలో మన పిల్లల పేర్లు చాలానే ఉన్నాయి. వాళ్ళబ్బాయి వద్దన్నారు గానీ, బాకీ గుర్తున్నవారు ఆ డబ్బాలోనే వేయండి.

అమ్మగారు పై వాటాలోనే ఉంటున్నారు. సాయంత్రం బడి వదిలాక పావుగంట పేపరు చదివి వినిపించడానికి రమ్మన్నారు. తెలుగు తడబడకుండా చదవగలిగిన ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు క్లాస్ టీచరుకు పేరివ్వాలి. బంగారం ధర మాత్రం వదిలేయొద్దని చెప్పి పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు