బెంగాల్ ఫోటో కింద ఊరూ పేరూ వేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. దసరాకి ముందు మీ ఆదివారం అనుబంధంలో వేసిన రెండు పేజీల బెంగాల్ ఫోటోలు చూశాను. బాగున్నాయి. కాగితం కూడా ఈసారి మంచిది వాడినట్టున్నారు, రంగులు ఒకదాన్లోకి ఒకటి పాకలేదు. ఆ ఫోటోల కింద వేసిన మాటల గురించే ఈ ఉత్తరం.

మాది ఖరగ్‌పూర్. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి వర్క్‌షాపులో పనికి వచ్చారు. ఆ తర్వాత మా వాళ్ళెవరూ వెనక్కి వెళ్ళలేదు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, ఇక్కడి తెలుగు పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు కెమెరా పట్టుకుని మేదినీపూర్, బాంకురా జిల్లాల్లో తిరగడమే నా పని. మా ఇంట్లో వాళ్ళు దీన్ని పని అనరు, అది వేరే సంగతి.

మీరు వేసిన క్యాప్షన్లు ఒక్కసారి మళ్ళీ చదవండి. ‘అమ్మవారికి తుది మెరుగులు’, ‘బెంగాలీ గ్రామీణ కళాకారిణి’, ‘వాద్యకారుడి ఆనందం’, ‘ప్రకృతి ఒడిలో సుందర్‌బన్స్’. ఇందులో ఎక్కడా ఒక ఊరి పేరు లేదు, మనిషి పేరు లేదు, నెల లేదు, సంవత్సరం లేదు. పరీక్ష పేపర్లో మా పిల్లలు ఇలా రాస్తే సగం మార్కులు కూడా వేసేదాన్ని కాదు.

మొదటి ఫోటో చూడగానే అది కుమార్‌టులి అని తెలిసిపోయింది. ఉత్తర కలకత్తాలో విగ్రహాలు చేసేవాళ్ళ పేట అది. హౌరాలో రైలు దిగి, లాంచీ ఎక్కి, శోభాబజార్ ఘాట్ నుంచి నడిచి వెళ్తాను. అక్కడ ఫోటోలు తీయాలంటే పనివాళ్ళ సంఘానికి రుసుము కట్టి చీటీ తీసుకోవాలి, తీసుకోవడమే న్యాయం కూడా. ఇరుకు సందుల్లో తడి విగ్రహాలకు మోచేతులు తగిలిస్తూ తిరిగే మాబోటి వాళ్ళ మధ్య వాళ్ళు పని చేసుకోవాలి కదా. 2021లో కలకత్తా దుర్గాపూజకి యునెస్కో గుర్తింపు వచ్చాక ఆ సందుల్లో కెమెరాల సంఖ్య ఇంకా పెరిగినట్టే నాకు కనిపిస్తోంది.

మీ ఫోటోలో ఉన్నది ‘తుది మెరుగులు’ కానే కాదు. ముందు వెదుళ్ళతో చట్రం కడతారు, దాన్ని ‘కాఠామో’ అంటారు. దాని మీద వరిగడ్డి బిగించి తాళ్ళతో చుడితే ఒంటి ఆకారం వస్తుంది. ఊక కలిపిన మట్టి ఒక పూత, అది ఆరి బీటలు వారాక మెత్తటి మట్టితో ఇంకో పూత. వేళ్ళూ తలా విడిగా చేసి అతుకుతారు. బీటల మీద మట్టినీళ్ళలో తడిపిన గుడ్డపీలికలు అంటిస్తారు. ఆ తర్వాతే తెల్ల పూత, రంగులు, జనపనార జుట్టు, శోలా బెండుతో చేసిన నగలు. ఆచారం ప్రకారం మహాలయ నాడు కళ్ళు దిద్దుతారు. మీ ఫోటోలో ఉన్నాయన ఒక చేత్తో బ్లోల్యాంప్ పట్టుకుని విగ్రహం భుజాన్ని ఆరబెడుతున్నాడు. అంటే వాన వదలడం లేదు, పూజ దగ్గర పడుతోంది, మట్టి ఇంకా తడిగానే ఉంది. ఆయన మొహంలో ఉన్న టెన్షన్ అంతా దానిదే. ఆ సంగతి ఒక్క ముక్క రాసి ఉంటే ఆ ఫోటో పదింతలు మాట్లాడేది. మీరేమో దాని మీద ‘మెరుగులు’ పూశారు.

రెండో ఫోటోలోని ‘గ్రామీణ కళాకారిణి’ ఊరు నయా. మా జిల్లాలోనే, పింగ్లా దగ్గర. ఆవిడ ఇల్లు నాకు తెలుసు. ఆ ఊళ్ళో పటువాలు ఉంటారు. పొడుగాటి కాగితపు చుట్ట మీద కథని బొమ్మలుగా వేసి, వెనక పాత చీర గుడ్డ అంటించి, ఆ చుట్టని విప్పుతూ ఒక్కో బొమ్మనీ వేలితో చూపిస్తూ పాడతారు. శంఖుపూల నుంచి నీలం, పసుపు కొమ్ముల నుంచి పసుపు రంగు, చిక్కుడాకు నుంచి ఆకుపచ్చ, దీపం మసి నుంచి నలుపు తీసి, మారేడు జిగురు కలుపుతారు. అందరి ఇంటిపేరూ చిత్రకార్. నమాజు చేసే ఇళ్ళే, రామాయణమూ, పాముల దేవత మనసా కథ మనసామంగళమూ పాడే ఇళ్ళే. 2004 సునామీ మీద కూడా పటాలు వేసి పాటలు కట్టారు. ఊరంతా ఒకే ఇంటిపేరు కాబట్టి మనిషి సొంత పేరు రాయకపోతే అక్కడ ఎవరినీ గుర్తుపట్టలేం. ‘గ్రామీణ కళాకారిణి’ అంటే ఆ వీధిలో ప్రతి గుమ్మంలోంచీ ఒకావిడ బయటికి వస్తుంది.

ఇంకో మాట. పటాన్ని ఒక్క ఫోటోలో పట్టలేం. చుట్ట పూర్తిగా విప్పి గోడకి తగిలించి తీస్తే బొమ్మ వస్తుంది గానీ పాట పోతుంది. నేనైతే విప్పడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి చివరి దాకా వరసగా తీసి, పాటలో ఏ చరణం దగ్గర ఏ ఫోటో తీశానో పుస్తకంలో రాసుకుంటాను. మీకు రెండు పేజీలు ఉన్నాయి, నాలుగు చిన్న ఫోటోలు వరసగా వేయడానికి చోటు లేకపోలేదు.

మూడో ఫోటోలో డోలు పట్టుకున్నతన్ని ‘వాద్యకారుడు’ అన్నారు. అతను ఢాకీ, అంటే ఢాక్ అనే పెద్ద డోలు వాయించేవాడు. వెనకాల కనిపిస్తున్నది కలకత్తాలోని సియాల్దా స్టేషను బయటి జాగా. పూజకి రెండు మూడు రోజుల ముందు జిల్లాల నుంచి ఢాకీలు గుంపులుగా వచ్చి అక్కడ వాయిస్తూ నిలబడతారు. పూజా కమిటీల వాళ్ళు వచ్చి విని, బేరమాడి తీసుకెళ్తారు. బేరం కుదరనివాళ్ళు ఆ చప్టా మీదే పడుకుంటారు. పండగ నాలుగు రోజులూ ఇంటి దగ్గర ఉండరు. ‘వాద్యకారుడి ఆనందం’ అని రాసే ముందు అతనికి అప్పటికి బేరం కుదిరిందో లేదో అడగాల్సింది.

ఇవన్నీ చాదస్తం అనుకుంటారేమో. డేవిడ్ మెక్‌కచన్ అని ఒక ఇంగ్లీషాయన జాదవ్‌పూర్ యూనివర్సిటీలో సాహిత్యం చెప్పేవాడు. 1960లలో బెంగాల్ పల్లెలు తిరిగి ఇటుక గుళ్ళని, వాటి టెర్రకోటా పలకలని ఫోటోలు తీశాడు. 1972లో, కలకత్తాలోనే, నడివయసు కూడా దాటకుండా పోయాడు. ఆ ఫోటోలు ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. ఆయన తీసిన గుళ్ళలో కొన్ని తర్వాత కూలిపోయాయి. ఏ ఊరి గుడి, ఏ గోడ అని రాసి ఉండబట్టే వాటికి ఈనాటికీ విలువ. ‘బెంగాలీ శిల్ప వైభవం’ అని రాసి పెట్టెలో పడేసి ఉంటే ఎవరికి పనికొచ్చేవి?

బాంకురా జిల్లా బిష్ణుపూర్‌లోని రాసమంచాన్ని మీరు ‘పురాతన ఆలయం’ అన్నారు. 1600లో మల్ల రాజు బీర్ హంబీర్ కట్టించిన ఆ కట్టడంలో మూలవిరాట్టు అంటూ ఎవరూ లేరు. రాస పండక్కి ఊళ్ళో గుళ్ళలోని రాధాకృష్ణుల విగ్రహాలన్నిటినీ తెచ్చి అక్కడ ఉంచేవారు, 1932 దాకా ఇది జరిగింది. అంత పెద్ద కట్టడం ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీగా ఉండి, పండక్కి ఊరి దేవుళ్ళందరికీ విడిది అయ్యేదన్నమాట. ఇంత మంచి కథ వదిలేసి ‘పురాతన’ అని సరిపెట్టుకోవడం నాకు అర్థం కాదు.

ఇక సుందర్‌బన్స్. నిజానికి మనుషుల ఫోటోలకంటే నేల ఫోటోలకే తేదీ ఎక్కువ అవసరం. 2009 మే నెలలో ఐలా తుఫాను కట్టలు తెంపి ఉప్పునీటిని పొలాల్లోకి తెచ్చింది. 2020 మేలో అంఫన్ మళ్ళీ అదే చేసింది. హుగ్లీ ముఖద్వారంలో ఘొరమరా ద్వీపం దశాబ్దాలుగా కోసుకుపోయి, ఒకప్పటి విస్తీర్ణంలో సగం కూడా మిగల్లేదు. మీ ఫోటోలో కట్ట లోపల పచ్చటి వరి, కట్ట అవతల నది ఉన్నాయి. ఆ పచ్చదనం తుఫానుకు ముందుదా, ఉప్పు దిగిపోయాక తిరిగి వేసిన పంటా? రెంటికీ చాలా తేడా ఉంది. ఆ కట్ట ఇవాళ అక్కడ ఉందా? తేదీ లేని ఆ ఫోటోని క్యాలెండరుకి వాడుకోవచ్చు, సాక్ష్యానికి పనికిరాదు.

రెల్లు పూలలో ఎర్రంచు తెల్లచీర కట్టుకున్న అమ్మాయి ఫోటో గురించి ఏమీ అనను. శరత్తు వస్తే కాంసాయి నది ఒడ్డున రెల్లు దుబ్బుకొక అమ్మాయి, అమ్మాయికొక ఫోటోగ్రాఫరు కనిపిస్తారు. అదీ ఇప్పటి బెంగాల్ సంస్కృతే అనుకుంటే, అలాగే రాసి వేయండి.

పత్రికకి ఇది చేతకాని పనేమీ కాదు. 1943 బెంగాల్ కరువులో సునీల్ జానా తీసిన ఫోటోలు కమ్యూనిస్టు పార్టీ పత్రికలో ఊళ్ళ నుంచి వచ్చిన కథనాలతో కలిసి అచ్చయ్యాయి. అప్పుడు మా మేదినీపూర్ జిల్లా, ముందటేడు తుఫానుతో నలిగిపోయి, మరీ ఘోరంగా దెబ్బతింది. పక్కన అక్షరం లేకుండా ఆ ఎముకల గూళ్ళని మాత్రమే అచ్చేసి ఉంటే చూసినవాళ్ళు అయ్యో అని పేజీ తిప్పేసేవాళ్ళే.

మీ ఫోటోగ్రాఫర్లు భాష రాక ఇబ్బంది పడి ఉండొచ్చు. అది నాకు అర్థమవుతుంది. కానీ ఖరగ్‌పూర్‌లో బెంగాలీ గడగడా మాట్లాడే తెలుగువాళ్ళకి కొదవ లేదు. మీ కుర్రాళ్ళు ఇటు వచ్చేటప్పుడు ఒక కబురు పెడితే, వెంట వెళ్ళి పేరు అడిగి, పేపర్లో వేయడానికి వాళ్ళ ఒప్పుదల కూడా అడిగి చెప్పేవాళ్ళు దొరుకుతారు. నేనూ వస్తాను, టీ ఖర్చు నాదే. నయా ఊరి ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. ముందు ఆవిడని అడిగి, సరే అంటే విడిగా పంపుతాను. ఆ ఆదివారం సంచిక ఒక కాపీ ఆవిడకి అందేలా చూడండి.

పౌష సంక్రాంతికి అజయ్ నది ఒడ్డున కేందులి మేళా వస్తోంది. ఏక్‌తారా పట్టుకున్న బావుల్ (ఊరూరా తిరిగి పాడే సాధు గాయకుడు) ఫోటో మీరు వేయక మానరు, కాషాయం బట్టల మీద పొద్దుటి ఎండ ఎలాగూ బాగుంటుంది. ఏ అఖాడాలో (బావుల్‌లు కూడి పాడే విడిదిలో) కూర్చున్నాడో, గురువు ఎవరో, ఆ క్షణాన పాడుతున్నది ఎవరి పాటో అడిగి రాసుకురమ్మని మీ ఫోటోగ్రాఫరుకి ఇప్పుడే చెప్పండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు టీచరు,
ఖరగ్‌పూర్, పశ్చిమ మేదినీపూర్ జిల్లా