జైలుకు వెళ్లే న్యాయ విద్యార్థులు ఏం అడగాలి?

సంపాదకులకు,

న్యాయ విద్యార్థులు అంపోలు జిల్లా జైలుకు వెళ్లి విచారణ ఖైదీలతో మాట్లాడటం ఎంతో అవసరమైన పని. కానీ 'నేరం చేశావా?' అని మాత్రం అడగొద్దు. క్రైమ్ నంబరు, పోలీస్ స్టేషన్, సెక్షన్లు, మొదటి రిమాండ్ తేదీ, వకీలు ఉన్నాడా, వేరే కేసులున్నాయా? ఇవి రాసుకుంటే చాలు.

లెక్క తప్పేది తేదీల దగ్గరే. ఛార్జిషీటు గడువు నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజులు. ఆలోగా పోలీసులు వేయకపోతే ఖైదీకి బెయిల్ హక్కు వస్తుంది. అరెస్టు నుంచి కాదు, రిమాండ్ రోజును కలిపి లెక్కపెట్టాలి. 20 కిలోలు దాటిన గంజాయి కేసులో అది 180 రోజులు. గడువు దాటినా, బెయిల్ పిటిషన్ పడేలోపు ఛార్జిషీటు వేస్తే ఆ హక్కు పోతుంది. అందుకే ఉచిత న్యాయ సహాయం అందించే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అదే రోజు ఈ వివరాల కాగితం అందాలి.

గతంలో శిక్ష పడనివారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు జైల్లో గడిపితే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 479 కింద విడుదలకు అర్హులు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు.

అన్నిటికంటే బాధాకరం, బెయిల్ వచ్చినా జామీను (పూచీ) ఇచ్చేవారు దొరక్క లోపలే ఉండిపోయేవారిది. వారం దాటితే జైలు సూపరింటెండెంటు న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలని సుప్రీంకోర్టు 2023లో ఆదేశించింది. ఆ జాబితా విద్యార్థులు అడగాలి. సవర, ఒడియా భాషలు వచ్చినవారిని ప్రతి బృందంలో తప్పక పంపండి.

- న్యాయ సహాయ వాలంటీర్లు, శ్రీకాకుళం