ఫ్లెక్సులన్నీ పక్కన పెట్టు మామా

మామా,

పోర్ట్‌ఫోలియో అని, అంటే కొత్త గిరాకీకి చూపించే నీ డిజైన్ పనులు అని, నువ్వు పంపిన గూగుల్ డ్రైవ్ లింకు తెరిచాను. మొత్తం చూడలేదు, చూడటం నా వల్ల కాదు కూడా. ‘వర్క్స్ ఓల్డ్’, ‘వర్క్స్ న్యూ’, ‘ఫైనల్’, ‘ఫైనల్ ఫైనల్’ అని ఫోల్డర్లు, ఒక్కోదాంట్లో వందలకొద్దీ ఫైళ్లు, సగం పీఎస్‌డీలే, అంటే ఫోటోషాప్ ఫైళ్లే, అవి ఫోన్‌లో తెరుచుకోనే తెరుచుకోవు. నీ పని ఎట్లాంటిదో నాకు తెలుసు కాబట్టి ఓపిక పట్టి వెతికాను, హైదరాబాద్‌లో కూర్చున్న పబ్లిషర్‌కి ఆ ఖర్మేంటి చెప్పు? ఇంత పని చేసి పెట్టుకున్నా కొత్త గిరాకీ ఎందుకు రావట్లేదని అడిగావు కదా. నన్నడిగితే ఎక్కువ పెట్టావు కాబట్టే రావట్లేదు.

పాలమూరులో నీ పేరు చెప్తే అందరికీ గుర్తొచ్చేది బర్త్‌డే ఫ్లెక్సులు. నడుమ నమస్కారం పెడుతున్న పెద్దాయన, పైన పార్టీ నాయకుల గుండ్రటి ఫోటోలు, కింద వరసగా ‘శుభాకాంక్షలతో’ అని తలకాయలు, అందులో తన తలకాయ పక్కవాడి కంటే చిన్నగా వచ్చిందని ఒకాయన రాత్రి పదకొండింటికి ఫోను. ఆ పనితోనే మీ ఇల్లు నడిచింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ మూడొంతులు అవే కనపడితే చూసినవాడు ఏమనుకుంటాడు, ఈయన ఫ్లెక్సులు మంచిగా చేస్తాడు అనుకుంటాడు, ఇంకో ఫ్లెక్సే ఇస్తాడు. మనం ఏది చూపిస్తే ఆ పనే వస్తుంది మామా. నీకు కావాల్సింది తెలుగు అక్షరాల పని, పుస్తకాల కవర్లు, షాపుల లోగోలు. అయితే అవే కనపడాలి. మిగతావి డిలీట్ చేయమనట్లేదు, హార్డ్‌డిస్క్‌లో పడి ఉండనీ.

నా సంగతే చూడు, పెళ్లిళ్లు తీస్తేనే కెమెరా ఈఎంఐ తీరుతుంది, కానీ నా సైట్‌లో పెళ్లి ఫోటో ఒక్కటీ లేదు. పానగల్లు గుళ్లు, పోచంపల్లి మగ్గాలు, సాగర్ దగ్గర వలలు సర్దుకునేవాళ్లు, అంతే. పెళ్లిళ్లు ఎట్లాగూ నోటిమాట మీద వస్తాయి, బాబాయి కూతురి పెళ్లికి తీశాడంటే మేనత్త కొడుకు పెళ్లికి పిలుస్తారు, దానికి వెబ్‌సైట్ ఎందుకు? చేనేత పని, టూరిజం పని ఇచ్చేవాళ్లు మాత్రం మన ముక్కూ మొహం తెలియనివాళ్లు, వాళ్లకి మనం అంటే ఆ పేజీయే.

ఎన్ని పెట్టాలి అంటావు. ఎనిమిది, మహా అయితే పది. గద్వాల చీరల షాపులో చూశావు కదా, ఆయన బీరువా అంతా కింద పోయడు, మన వాలకం చూసి మూడు చీరలు తీసి మడత విప్పుతాడు. ఏది ఉంచాలో, ఏది తీయాలో తేలకపోతే ఒకటే ప్రశ్న వేసుకో, రేపు పొద్దున ఇట్లాంటి పనే ఇంకోటి వస్తే సంతోషంగా ఒప్పుకుంటావా? ఒప్పుకోను అనిపించింది ఎంత బాగున్నా తీసెయ్. అందరికంటే మంచిది మొదట, దాని తర్వాతి మంచిది చివర. నడుమ ఎట్లా పెట్టినా పెద్ద తేడా రాదు.

ఇప్పుడు అసలు విషయం. ఆ చీరల షాపుకే నువ్వు చేసిన లోగో ఉంది చూడు, డ్రైవ్‌లో ఉత్త జేపీజీగా పడేశావు, కింద పేరు కూడా లేదు. నాకు దాని కథ తెలుసు కాబట్టి చెప్తున్నా, ఆ ఒక్కదానికే ఒక పేజీ రాయొచ్చు. తలకట్లన్నిటినీ కోటకొమ్మ అంచులో మొనల లాగా వరసగా నిలబెట్టావు, గద్వాల చీర కట్టినవాళ్లెవరైనా చూడగానే గుర్తుపడతారు. మొదటి డ్రాయింగ్‌లో ‘ద్వ’ కింద వత్తు లావుగా ఉండి విజిటింగ్ కార్డు మీద చిన్నగా ప్రింట్ చేస్తే ఇంకు నిండిపోయి చుక్కలాగా కనపడింది, దాని కడుపు కొంచెం తెరిచి మళ్లీ గీశావు. షాపాయన ఏమో నెమలి పెట్టమన్నాడు, నువ్వు పెట్టకుండా ఒప్పించావు. ఇదంతా ఎక్కడ కనపడుతుంది ఆ జేపీజీలో? పెన్సిల్ గీతల కాగితం ఫోటో ఒకటి, వత్తు మార్చకముందు మార్చిన తర్వాత పక్కపక్కన పెట్టి ఒకటి, చివరికి బోర్డు మీద, బ్యాగు మీద ఎట్లా వచ్చిందో ఒకటి. పక్కన నాలుగు వాక్యాలు: ఎవరికి చేశావు, వాళ్లు ఏం అడిగారు, చిక్కు ఎక్కడ వచ్చింది, ఏం చేశావు. పని ఇచ్చేవాడు బొమ్మ అందంగా ఉందా అని మాత్రమే చూడడు, తన చిక్కు వీడు విప్పగలడా అని చూస్తాడు. ఎనిమిదింటికీ ఇంత రాయక్కర్లేదు, మూడింటికి రాయి చాలు.

రాసేటప్పుడు ఇంకో సంగతి. నువ్వు అనూ ఫాంట్లలో కొడతావు కదా, అది యూనికోడ్ కాదు, అంటే ఏ ఫోన్‌లో, ఏ సైట్‌లో అయినా తెలుగు తెలుగులాగే కనపడే పద్ధతి కాదు. అక్కడ నుంచి కాపీ చేసి సైట్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, పోనీ అని రాసిందంతా ఇమేజ్‌గా చేసి పెడితే గూగుల్‌లో ‘తెలుగు లెటరింగ్’ అని వెతికినవాడికి నువ్వు దొరకడం కష్టం. కాబట్టి మాటలన్నీ యూనికోడ్‌లో కొట్టు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు లాంటివి ఫ్రీగా ఉన్నాయి, కవితలకి సూరన్న నాకు ఇష్టం, బటన్ల మీద మాత్రం మండలి. ఫోటోషాప్‌లో యూనికోడ్ కొడితే వత్తులు విడిపోతున్నాయని తిట్టుకున్నావు ఒకసారి, అది ఫాంటు తప్పు కాదు. కొంచెం పాత వెర్షన్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర ‘వరల్డ్ రెడీ లేఔట్’ పెట్టుకో, ఇంకా పాతదైతే ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ అని ఉంటుంది. ఆ తర్వాత కొత్త ఫైల్ తెరువు, వత్తులు బుద్ధిగా కూర్చుంటాయి.

ప్రింటు ఫైళ్లన్నీ సీఎంవైకేలో, అంటే అచ్చు ఇంకుల లెక్కలో ఉంటాయి, వాటిని అట్లాగే ఎక్కించకు, రంగులు తేడాగా కనపడతాయి. స్క్రీన్ రంగుల లెక్క ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చి, పొడుగు వైపు 2000 పిక్సెల్స్ పెట్టి, ఫైల్ 500 కేబీ దాటకుండా సేవ్ చెయ్. చూసేవాళ్లు ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తారు, అదీ బస్సులో వెళ్తూ, సిగ్నల్ వస్తూ పోతూ ఉన్నప్పుడు.

ఎక్కడ పెట్టాలి అన్నదాని మీద నువ్వు టెన్షన్ పడుతున్నంత విషయం లేదు. డిజైనర్లు తమ పనులు పెట్టుకునే సైట్ బిహాన్స్ ఫ్రీ, దాన్ని 2012లో ఫోటోషాప్ చేసే అడోబీ కంపెనీ కొనుక్కుంది, డిజైనర్ల కోసం వెతికేవాళ్లు అక్కడ నిజంగానే వెతుకుతారు, ఈ రోజే మొదలుపెట్టొచ్చు. నువ్వు అడోబీ వాళ్ల సాఫ్ట్‌వేర్ల చందా, క్రియేటివ్ క్లౌడ్, డబ్బులు కట్టి వాడుతుంటే అందులోనే అడోబీ పోర్ట్‌ఫోలియో వస్తుంది, సైట్ చేయడానికి వేరే పైసలు పెట్టక్కర్లేదు. ఇన్‌స్టా ఉండాలి, కాదనను, కానీ దాన్నే నమ్ముకోకు. 2025 మొదట్లో వాళ్లు గ్రిడ్‌లో చదరపు పెట్టెలు తీసేసి నిలువు పెట్టెలు పెట్టారు, చదరానికి సరిపోయేలా చేసుకున్న లోగోల పక్కలు తెగిపోయి ఎంతమంది డిజైనర్లు తల పట్టుకున్నారో. ఇన్‌స్టా లాంటి సోషల్ సైట్లే, ఆర్కుట్ 2014లో పోయింది, గూగుల్ ప్లస్ 2019లో పోయింది, వాటిలో పెట్టినవీ వాటితోనే పోయాయి. అందుకే సొంత పేరు మీద ఒక డాట్ ఇన్ డొమైన్, అంటే సైట్ అడ్రస్, తీసుకో, ఏడాదికి సుమారు వెయ్యి రూపాయల పని. మొదటి ఏడాది ఆఫర్ రేటు చూసి మురిసిపోకు, రెన్యువల్ ఎంతో చూడు. ఇంకోటి, కొనేది నీ మెయిల్ ఐడీతో, నీ పేరు మీద. మన దగ్గర చాలామందికి సైట్ చేసిపెట్టినవాడి పేరు మీదే డొమైన్ ఉంటుంది, వాడితో మాట చెడిందంటే అడ్రస్ పోయినట్టే.

చేసిన పనులన్నీ చూపించొచ్చా అని అడిగావు, మంచి ప్రశ్న. ఫోటోల విషయంలో మనవాళ్లకి తెలియనిది ఏంటంటే, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా పైసలిచ్చి అడిగి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారులు తీయించుకున్నవాళ్లే. డబ్బులు తీసుకుని వేసిన పెయింటింగ్‌కీ అంతే. నువ్వు రంగులతో వేసిచ్చిన కవర్లు ఉన్నాయి కదా, కాబట్టి వాదన పెట్టుకునే బదులు కొటేషన్‌లోనే ‘ఈ పనిని నా పోర్ట్‌ఫోలియోలో చూపించుకుంటాను’ అని ఒక లైను రాయి, పాత పనులకి వాట్సాప్‌లో ఒక మాట అడిగి వాళ్ల ‘ఓకే’ దాచుకో. పుస్తకం బయటికి రాకముందే కవర్ పెట్టకు, అది మర్యాద కాదు. పెళ్లి కార్డులు పెట్టాలనుకుంటే ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్లు చెరిపేసి పెట్టు, ఎవరింటి పిల్ల పెళ్లి ఎప్పుడో ఊరంతా ఎందుకు తెలియాలి?

నువ్వు కోరుకునే పనులు ఇంకా సరిపడా చేయలేదు అంటున్నావు కదా, అయితే ఎవరూ ఇవ్వకుండానే చెయ్. మీ ఊళ్లో గడియారం చౌరస్తా దగ్గర పాత షాపుల మీద పెయింటర్లు చేత్తో రాసిన బోర్డులు ఇంకా కొన్ని ఉన్నాయి, వాటి మీద కూడా ఫ్లెక్సులు కప్పేలోపు ఫోటో తీసి, ఆ అక్షరాల తీరు పట్టుకుని పూర్తి అక్షరమాల గీయి. కురుమూర్తి జాతరకి పోస్టర్ చెయ్. కింద మాత్రం ‘నా సొంత ప్రయోగం’ అని రాయి, ఎవరో ఇచ్చిన పని అన్నట్టు పెట్టకు. అడిగినవాడికి నిజం తెలిస్తే మిగతా ఏడు పనుల మీద కూడా నమ్మకం పోతుంది. నాకు చేనేత పని మొదట ఇచ్చినవాళ్లు చూసింది నేను ఊరికే తిరిగి తీసిన పోచంపల్లి ఫోటోలే.

‘మా గురించి’ అని పెట్టి ‘సృజనాత్మకతే మా ఊపిరి’ అని రాశావు, దండం పెడతా తీసెయ్. మేము ఎవరు మామా, నువ్వొక్కడివే కదా. ‘మహబూబ్‌నగర్‌లో ఉంటాను, తెలుగు అక్షరాలతో లోగోలు, పుస్తకాల కవర్లు చేస్తాను’ అని రాసి, నొక్కితే వాట్సాప్ తెరుచుకునే లింకు పెట్టు, కింద ఇంగ్లీషులో కూడా రెండు లైన్లు. రేట్లు రాయొద్దని చాలామంది అంటారు, నేనైతే ‘ఇంత నుంచి మొదలు’ అని రాయమంటాను, ఐదొందలకి లోగో అడిగేవాళ్ల ఫోన్లు సగం తగ్గుతాయి.

వచ్చే నెల సోమశిల వైపు షూట్ ఉంది, వచ్చేటప్పుడు పాలమూరు మీదుగా వస్తా. అప్పటికి ఎనిమిదీ ఏరి పెట్టు. స్కాన్లు వద్దు, అచ్చైన పుస్తకాలే తీసి పెట్టు, చేతిలో పట్టుకుంటే ఎట్లుంటుందో అట్లా తీస్తాను. మేడ మీద గదిలో కిటికీ దగ్గర సామాను జర పక్కకి జరిపించు, ఆ షాపు బ్యాగు కూడా ఒకటి సంపాదించు, కొత్తది కాదు, ఎవరైనా వాడిందే కావాలి.

ఉంటా మరి.