నా ప్రీమియం పెంచండి, కానీ నా షుగర్ రాయండి

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
జీవిత బీమా కంపెనీ, విజయవాడ బ్రాంచి.

విషయం: టర్మ్ పాలసీ (నేను పోతేనే ఇంటివాళ్ళకు డబ్బు వచ్చే బీమా) ప్రపోజల్ ఫారంలో, అంటే దరఖాస్తులో, నాకు షుగర్ లేదని తప్పుగా రాయడం, దాన్ని సరిచేసి ప్రీమియం మళ్ళీ లెక్కకట్టమని కోరడం గురించి.

అయ్యా,

ప్రీమియం ఎక్కువ వేశారని మీకు రోజూ ఉత్తరాలు వస్తుంటాయి. నాకు తక్కువ వేశారన్నదే నా ఫిర్యాదు.

నాకు 46 ఏళ్ళు. ఆటోనగర్‌లో లేత్ వర్క్‌షాపు నడుపుతున్నాను. ఆరేళ్ళుగా షుగర్ ఉంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మెట్‌ఫార్మిన్ వేసుకుంటాను. బీపీకి టెల్మిసార్టాన్ 40. ఇవేమీ నేను దాచలేదు. మీ ఏజెంటు షాపుకు వచ్చిన రోజే మందుల చీటీ, రక్తపరీక్ష రిపోర్టు అతని చేతికిచ్చాను. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 7.4 అని అందులో స్పష్టంగా ఉంది. అతను దాన్ని ట్యాబ్‌తో ఫొటో కూడా తీసుకున్నాడు. తర్వాత మీ కంపెనీ తరఫున డాక్టరుగారు ఫోన్ చేసి ఆరోగ్య వివరాలు అడిగినప్పుడు రెండు మాత్రల పేర్లూ మోతాదుతో సహా చెప్పాను. ఈ కాల్ రికార్డవుతోందని మొదట్లోనే మీవాళ్ళు అన్నారు కాబట్టి నా మాటకు సాక్ష్యం మీ దగ్గరే ఉంది.

పాలసీ బాండు వచ్చాక, వెనక కుట్టిన ప్రపోజల్ ఫారం కాపీని మా అమ్మాయి చేత చదివించుకున్నాను. ఆరోగ్యం పేజీలో మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు, కిడ్నీ జబ్బు అన్నిటికీ వరుసగా ‘నో’. ప్రస్తుతం ఏమైనా మందులు వాడుతున్నారా అన్న దానికీ ‘నో’. దాని కింద, ప్రశ్నలన్నీ తెలుగులో చదివి వినిపించి, నేను చెప్పిన జవాబులే రాసినట్టు మీ ఏజెంటు డిక్లరేషన్! అతను వినిపించింది ఎత్తు, బరువు, సిగరెట్టు, మందు అలవాటు వరకే. షుగర్ మాటెత్తితే “అది నేను చూసుకుంటాలెండి” అన్నాడు.

ఇదేమిటని ఫోన్ చేస్తే అతనిచ్చిన సలహా మీరూ వినాలి. “షుగర్ అని రాస్తే ఫైలు అండర్‌రైటింగ్‌లో (పాలసీ ఇవ్వాలా, ఎంతకివ్వాలా అని చూసే దగ్గర) ఇరుక్కుంటుంది సార్. ప్రీమియం పెంచుతారు, ఒక్కోసారి రిజెక్టే చేస్తారు. మూడేళ్ళు కట్టెయ్యండి, తర్వాత సెక్షన్ 45 ఉంది, ఎవరూ అడగరు.”

బీమా చట్టం 1938లో 45వ సెక్షన్ ఉన్న మాట నిజమే. మూడేళ్ళు దాటిన పాలసీని ఏ కారణం చెప్పీ ప్రశ్నించకూడదని 2015 సవరణ చెబుతోంది. మరి ఆ మూడేళ్ళలోపు నేను పోతే? పైగా ఈ మూడేళ్ళ లెక్క, ఆగిపోయిన పాలసీని రివైవ్ (మళ్ళీ మొదలు) చేయించుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది. మా పని ఒక ఏడాది ఊపిరాడకుండా ఉంటుంది, ఒక ఏడాది ఈగలు తోలుకుంటాం. ఒక్క ప్రీమియం తప్పి పాలసీ లాప్సయితే కథ మళ్ళీ మొదలు. ఇది మాత్రం మీ ఏజెంటు చెప్పలేదు.

అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. మీరు మోసమని అంటే, పాలసీదారు బతికి లేనప్పుడు, అది మోసం కాదని రుజువు చేసే భారం డబ్బు రావలసినవాళ్ళదే. అంటే మా ఆవిడది. ట్యాబ్‌లో ఎవరి వేలు ఏ గడి మీద పడిందో ఆవిడ ఎక్కడి నుంచి రుజువు తెస్తుంది? మోసం కాదు, వివరం దాచారంతే అని మీరు దయతలిచినా, 90 రోజుల్లో తిరిగొచ్చేవి కట్టిన ప్రీమియాలే. 50 లక్షలు రావు. ఆ 50 లక్షల కోసమే కదా నేను పాలసీ తీసుకున్నది.

మీ కస్టమర్ కేర్‌కు చెబితే, ఫ్రీ లుక్‌లో (బాండు అందాక పాలసీ వద్దనుకోవడానికి ఇచ్చే గడువులో) క్యాన్సిల్ చేసుకుని కొత్తగా అప్లై చేయమన్నారు. క్యాన్సిల్ చేస్తే స్టాంపు ఖర్చు, వైద్య పరీక్ష ఖర్చు, ఇన్నాళ్ళ రిస్కు ప్రీమియం కోసుకుంటారు. మీ మనిషి చేసిన పనికి నేనెందుకు కట్టాలి? అంతకంటే పెద్ద టెన్షన్ ఇంకొకటి. షుగర్ లేదని నా పేరు మీద ఒక ఫారం మీ దగ్గర, ఉందని మరో ఫారం ఇంకో కంపెనీలో ఉంటే, రేపు అబద్ధాలకోరుగా తేలేది నేనే.

షుగర్ ఉన్నంత మాత్రాన టర్మ్ పాలసీ రాదని నేననుకోవడం లేదు. రిపోర్టులు చూసి, లోడింగ్ (జబ్బును బట్టి అదనపు ప్రీమియం) వేసి ఇచ్చే పద్ధతి మీకుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ పోయింది, ఇదే మంచి తరుణమని చెప్పింది మీ ఏజెంటే. అలా మిగిలిందానికి ఇంకొంత కలిపి లోడింగ్‌గా కట్టడానికి నేను సిద్ధం. మీ లెక్కలో 50 లక్షలు కుదరకపోతే సరళ్ జీవన్ బీమా అయినా ఇమ్మని అతన్ని అడిగాను. 2021 జనవరి 1 నుంచి జీవిత బీమా కంపెనీలన్నీ ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తెచ్చిన పాలసీ అది, 5 లక్షల నుంచి 25 లక్షల దాకా. “అది మనం చెయ్యం సార్” అన్నాడు. అందులో కమీషన్ ఎంతో నేనడగలేదు. ఇప్పటికి నాకున్నది బ్యాంకులో ఏటా 436 రూపాయలు కట్టయ్యే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి ఒక్కటే. వైద్య పరీక్ష అడగరు, మంచిదే. కానీ దానికి వచ్చేది 2 లక్షలు, నా లేత్ మిషన్ మీదున్న అప్పుకే అది చాలదు.

కాబట్టి డాక్టరుగారి కాల్ రికార్డింగ్ వినండి. ప్రపోజల్‌లో షుగర్, బీపీ, రెండు మందులు చేర్చి, మీకు నచ్చిన ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేయించండి. లోడింగ్ ఎంతో రాతలో చెప్పండి. నేను ఒప్పుకుంటే సవరించిన ఫారం కాపీతో బాండు మళ్ళీ పంపండి. ఇవ్వలేమంటే కారణం రాసి, ఒక్క రూపాయి కోయకుండా నా డబ్బు వెనక్కివ్వండి. ఈ ఉత్తరం ఫ్రీ లుక్ 30 రోజుల లోపే మీకు ఇస్తున్నాను. మీరు తేల్చేసరికి గడువు దాటిపోయిందనే మాట రాకూడదు.

ఏజెంటు మీద ఏ చర్య తీసుకుంటారో మీ ఇష్టం. అతను రాసిన మిగతా ఫారాలు మాత్రం తప్పకుండా బయటికి తీయండి. ఆటోనగర్‌లో నాతోపాటు ఇంకొందరు అతని దగ్గరే తీసుకున్నారు. వాళ్ళలో షుగర్ ఉన్నవాళ్ళున్నారు, బాండు వచ్చిన కవరు ఇప్పటికీ విప్పనివాళ్ళూ ఉన్నారు.

జవాబు తెలుగులో, రాతపూర్వకంగా కావాలి. 14 రోజుల్లో రాకపోతే ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసాలో నమోదు చేస్తాను. 30 రోజులకీ తేలకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాను. అక్కడ ఫీజూ లేదు, లాయరూ అక్కర్లేదు.

ఇట్లు,
మీ పాలసీదారు,
ఆటోనగర్, విజయవాడ.

జతచేసినవి: ప్రపోజల్ ఫారం ఆరోగ్యం పేజీ నకలు, మందుల చీటీ, రక్తపరీక్ష రిపోర్టు, బాండు అందిన కొరియర్ రసీదు.