రేటింగ్ అప్పీల్ గురించి, టీమ్ అందరికీ

యూఎస్‌టీఏ (అమెరికా టెన్నిస్ సంఘం) ఇయర్ ఎండ్ రేటింగ్స్ వచ్చాయి, మనలో ముగ్గురు 3.5 స్థాయి నుంచి పై స్థాయి 4.0కి వెళ్లారు. చాలా సంతోషం, కానీ నిన్న రాత్రి నుంచి ఫోన్లు ఆగట్లేదు, అందుకే ఇక్కడే రాసేస్తున్నా.

"సగం మ్యాచ్‌లు ఓడిపోయాను కదన్నా, ఎలా పెంచారు?" అని ఒక తమ్ముడు అడిగాడు. కంప్యూటర్ చూసేది గెలుపోటములు కాదు, స్కోరు. ప్లేనోలో ఎదురుగాలిలో 4-6, 6-7తో ఓడిన డబుల్స్ గుర్తుందా, అవతలి జంట రేటింగ్ చూస్తే 2-6, 2-6 రావాలి, అంత దగ్గరగా ఆడితే ఓడినా రేటింగ్ పైకే పోతుంది. లోపల లెక్క రెండు దశాంశాల దాకా ఉంటుంది, 3.50 దాటిందంటే 4.0 కిందే లెక్క.

మళ్లీ 3.5కి దించమని అప్పీల్ చేయడం కష్టమేం కాదు. యూఎస్‌టీఏ సైట్‌లో లాగిన్ అయి అప్పీల్ నొక్కితే జవాబు వెంటనే వస్తుంది, కారణాలు రాయక్కర్లేదు. ఆ 3.50 గీతకి కాస్త పైన ఉంటేనే కంప్యూటర్ దింపుతుంది. శాశ్వతమైన గాయాలకి మెడికల్ అప్పీల్ వేరే ఉంది.

నాకు టెన్షన్ ఒక్కటే. అప్పీల్‌తో దిగినవాళ్లకి రేటింగ్ పక్కన సీ (కంప్యూటర్ ఇచ్చింది) పోయి ఏ (అప్పీల్‌తో వచ్చింది) వస్తుంది, అప్పుడు సీజన్ మధ్యలో మూడు స్ట్రైక్స్, అంటే ఆట ఆ స్థాయికి బాగా మించిందని కంప్యూటర్ వేసే గుర్తులు, పడితే డిస్‌క్వాలిఫై చేస్తారు, దాని దెబ్బ టీమ్ మొత్తానికి తగులుతుంది. కాబట్టి నొక్కే ముందు నాకు చెప్పండి, ఆదివారంలోగా. 4.0లోనే ఆడాలనుంటే మాత్రం అస్సలు ఆపను, అక్కడి కెప్టెన్లతో నేనే మాట్లాడతా.