చెప్పు కుట్టిన చేతుల గురించీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో చేతిపనుల మీద వస్తున్న వ్యాసాలను ఇంగ్లండ్‌లో ఉండి కూడా ఒక్కటీ వదలకుండా చదువుతున్నాను. పోచంపల్లి చీర వచ్చింది, పెంబర్తి ఇత్తడి వచ్చింది, చేర్యాల బొమ్మలు వచ్చాయి, నిమ్మలకుంట తోలుబొమ్మలు కూడా వచ్చాయి. చెప్పు మాత్రం రాలేదు. అది నాకు ఎందుకంత తగిలిందో చెప్పుకోవాలనే ఈ ఉత్తరం.

నేను యార్క్ నగరంలో నర్సును. మాది సూర్యాపేట దగ్గర పల్లె. మా తాత కిర్రుచెప్పులు కుట్టేవాడు, మోట బొక్కెనలు కట్టేవాడు. ఆ చెప్పులు తొడుక్కున్నవాళ్లే ఆయన్ను గడప అవతల నిలబెట్టారు. మా నాన్న తోలుకు రంధ్రం పొడిచే ఆరె ముట్టనని పట్టుబట్టి, చదువుకుని బడిపంతులయ్యాడు. మా ఇంట్లో తోలు మాట ఎవరూ ఎత్తేవారు కాదు.

యార్క్‌లో కాపర్‌గేట్ అనే వీధి ఉంది. 1976 నుంచి 1981 దాకా అక్కడ తవ్వితే, ఒకప్పుడు ఉత్తర ఐరోపా నుంచి ఓడల్లో వచ్చి ఇక్కడ స్థిరపడ్డ వైకింగుల కాలపు ఇళ్లు, పనివాళ్ల కొట్టాలు బయటపడ్డాయి. గాలి చొరని తడినేల కావడంతో వెయ్యేళ్ల నాటి తోలుబూట్లు కూడా కుళ్లకుండా దొరికాయి. 1984లో ఆ చోటనే తెరిచిన యోర్విక్ ప్రదర్శనశాలకు సెలవురోజున వెళ్లి, గాజు వెనక దీపం వెలుతురులో అరిగిపోయిన ఆ బూట్లను చూసి చాలాసేపు కదల్లేకపోయాను. కత్తిరించి పారేసిన ముక్కలను సైతం కొలిచి, బొమ్మలు గీసి, పుస్తకాలకు ఎక్కించారు. మా తాత కుట్టిన జత ఒక్కటీ మా దగ్గర లేదు.

అలాంటి బూట్లు నేనే కుట్టి చూడాలనిపించింది. ఐరోపాలో 1500 ప్రాంతం వరకూ బూటును లోపలి వైపు పైకి పెట్టి కుట్టి, తడిపి తిరగేసేవారు. కుట్టంతా లోపలికి పోతుంది కాబట్టి బురద తగలదు. మడమ ఎత్తు ఉండదు, మేకు ఉండదు. పాత దుప్పటి ముక్క కాలికి చుట్టి, పెన్నుతో గీసి కొలత తీసుకున్నాను. చెట్టు బెరడుతో పదును చేసిన ఆవుతోలు కొన్నాను, పైభాగానికి 2 మిల్లీమీటర్లది, అడుగుకు 4 మిల్లీమీటర్లది. అవిసె నార దారానికి తేనెమైనం పట్టించి, రెండు కొసలకూ సూదులు కట్టి, ఒకే రంధ్రంలోంచి ఎదురెదురుగా దూర్చి బిగించాలి. ఆ కాలంలో సూదికి బదులు పంది వెంట్రుక వాడేవారు.

మొదటి జతకు అడుగు తోలును పైనుంచి కిందికి పొడిచాను. దారం నేలకు రాసుకుని నాలుగో రోజే తెగింది. రెండో జత రెండూ ఎడమకాలివే అయ్యాయి, ఒకదాన్ని తిప్పి గీయాలని తోచలేదు.

ఒక ఆదివారం వీడియో కాల్‌లో నాన్న నా ఒడిలో తోలు చూశాడు. కోప్పడతాడనుకున్నాను. కాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత, "బిడ్డా, ఆరె నిలువుగ దించకు. తోలు మందంలనే వంచి అంచుకెళ్లి తియ్యి. అడుగు కింద రంధ్రం కనపడొద్దు" అన్నాడు. మధ్యయుగపు బూట్ల కుట్టు సరిగ్గా అదే! 78 ఏళ్ల మనిషి. చిన్నప్పుడు తాత పక్కన కూచుని చూసిన పని అది, ఇన్నేళ్లూ నోరు విప్పలేదు.

ఆ రాత్రి చాలాసేపు మాట్లాడాడు. తోలు పదును చేసే తొట్టి, అదే లందలో తోళ్లు ఎలా నానేసేవారు, తంగేడు చెక్క, కరక్కాయ ఎలా దంచి వేసేవారు, తోలు కోసే కత్తి రంపెతో అంచును ఎలా పలచన చేసేవారు, అన్నీ. ఇక్కడివాళ్లు ఆ రోజుల్లో ఓక్ బెరడు వేసి ఏడాదికి పైగా గుంటల్లో ఉంచేవారు. చెట్టు ఏదైనా తోలుకు పట్టేది ఆ వగరే, టానిన్ అంటారు. తంగేడు పువ్వు మన బతుకమ్మలో ఉంది, తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా అదే. దాని చెక్క ఏ పనికొచ్చేదో మా ఊరి పిల్లల్లో ఎందరికి తెలుసు?

మూడో జత నాన్న చెప్పినట్టే కుట్టాను. తిరగేసేటప్పుడు మొన దగ్గర వేలు అందక, చెక్కగరిటె కాడతో మెల్లగా నెట్టాల్సి వచ్చింది. ఆరు వారాలుగా రాళ్లు పరిచిన వీధుల్లో వేసుకు తిరుగుతున్నాను. ఒక్క కుట్టూ ఊడలేదు.

మా పిల్లలు మళ్లీ లంద దగ్గర కూచోవాలని నేను అడగడం లేదు. ఆ పని వదిలించుకోవడానికి నాన్న పడ్డ పాట్లు నాకు తెలుసు. అంత పనితనం ఒకటి ఉండేదన్న ఆనవాలే లేకుండా పోతుంటే ఊరుకోలేకపోతున్నాను. ఆరె పట్టిన పెద్దవాళ్లు ఇంకా కొన్ని ఊళ్లలో ఉన్నారు. వాళ్ల పనిముట్ల ఫొటోలు తీయించండి. ఏ కుట్టును ఏమంటారో వాళ్ల మాటల్లోనే అచ్చు వేయండి. నేతకారుల పేర్లు వేసినట్టే, వాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేర్లూ వేయండి.

నాన్న చెప్పిందాంట్లో నలభై నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. కావాలంటే పంపుతాను. మీ విలేకరి మా ఊరికి వస్తే ఆయనే కూచోబెట్టి చెబుతాడు. పొద్దున పదిలోపు రమ్మనండి, మధ్యాహ్నం ఆయన పడుకుంటాడు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
యార్క్, ఇంగ్లండ్