తొట్లకొండ మీద తొట్లనూ కాపాడండి

సంపాదకుడికి,

అయ్యా,

విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులో మంగమారిపేట దగ్గర, పాతకాలపు బౌద్ధ ఆరామం ఉన్న తొట్లకొండ ఎక్కేవాళ్లు మహాస్తూపం చూసి, సముద్రం కనిపించేలా ఫొటోలు దిగి వెళ్లిపోతున్నారు. రాతిని తొలిచి చేసిన నీటి తొట్లను పట్టించుకునేవాళ్లు తక్కువ. ఈమధ్య మేం వెళ్లినప్పుడు ఒక తొట్టిలో నాచు మధ్య వాటర్ బాటిళ్లు, చిప్స్ కవర్లు తేలుతున్నాయి. చాలా బాధేసింది.

1988లో మొదలైన తవ్వకాల్లో ఈ కొండ మీద భిక్షువులు ఉన్న 72 గదులు బయటపడ్డాయి. రోమన్ నాణేలూ దొరికాయి. వానాకాలంలో మూడు నెలలు భిక్షువులు ఊళ్లు తిరగకుండా ఒకేచోట ఉండాలన్నది బౌద్ధంలో నియమం, దాన్ని వర్షావాసం అంటారు. రెండు వేల ఏళ్ల కిందట ఈ రాతికొండ మీద అంతమంది బతకగలిగారంటే వాన నీటిని ఒడిసిపట్టిన ఈ తొట్ల వల్లే. గదులు చూపించి తొట్లను వదిలేస్తే వాళ్ల బతుకు మనకు సగమే అర్థమవుతుంది.

2019 అక్టోబరు వానలకు మహాస్తూపంలో కొంత భాగం కూలిపోయింది. తర్వాత బాగుచేశారు, సంతోషం. కానీ కొండ మీద పడ్డ వాన ఎటు పోతోందో చూడకపోతే అదే ప్రమాదం మళ్లీ రావచ్చు. స్తూపం మరమ్మతు, తొట్ల సంరక్షణ వేర్వేరు పనులు కావని నా అభిప్రాయం. దగ్గర్లోని బౌద్ధ క్షేత్రాలైన బావికొండనూ, భీమిలి పావురాలకొండనూ కలిపే చూడాలి. పావురాలకొండ మీద ఇలాంటి తొట్లు పదహారు దాకా ఉన్నాయి. బావికొండలో దొరికిన అస్థి ధాతువు (ఎముక ముక్క) బుద్ధుడిదేనని నమ్మేవాళ్లకు అది పుణ్యక్షేత్రం కూడా.

ఏటా వానలకు ముందే తొట్లలో పూడిక తీయించాలి. అయితే కూలీలను పెట్టి ఒక్కరోజులో ఎత్తిపోస్తే కుదరదు. ఆ మట్టిలో పెంకులు, నాణేలు ఉండొచ్చు కాబట్టి పురావస్తు నిపుణులు దగ్గరుండి జల్లెడ పట్టించాలి. పాత కాలువలు ఎక్కడెక్కడ మూసుకుపోయాయో గుర్తించాలి. తొట్ల చుట్టూ చిన్న రెయిలింగ్, పక్కన చెత్తబుట్టలు పెట్టాలి. ఈ నీటి ఏర్పాటు ఎలా పనిచేసేదో బొమ్మతో సహా తెలుగులో ఒక బోర్డు ఉంటే పిల్లలకు ఎంతో ఉపయోగం. ఇవి కోట్ల ఖర్చయ్యే పనులు కావు. ఈ వేసవిలోనే మొదలుపెట్టాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, మధురవాడ, విశాఖపట్నం